స్వరం వెనుక తీగలు

శబ్దాలన్నీ వినదగినవి కావు. వినదగిన శబ్దాన్ని మన సంగీత శాస్త్రకారులు నాదమన్నారు. పదమూడవ శతాబ్దానికి చెందిన శార్ఙ్గదేవుడు తన ‘సంగీత రత్నాకరం’లో నాదం ఆహతమని, అనాహతమని రెండు విధాలని చెప్పాడు. ఒక వస్తువు మరొక వస్తువును తాకినప్పుడు పుట్టేది ఆహత నాదం. ఏ తాకిడీ లేకుండా యోగులకు మాత్రమే గోచరించేది అనాహత నాదం. నేటి ఇళ్లలో ఈ రెండింటిలోనూ చేరని మరొక ధ్వని వినిపిస్తున్నది. ఆంప్లిఫయర్ స్విచ్చు వేయగానే, పాట ఇంకా మొదలు కాకముందే, స్పీకరులో నుంచి సన్నగా, ఎడతెగకుండా ‘గుంయ్’మని ఒక మోత బయలుదేరుతుంది. ఎవరూ తీగను మీటలేదు, ఎవరూ గొంతు విప్పలేదు. సాంకేతిక నిపుణులు దీనిని ‘హమ్’ అంటారు. తెలుగులో ఝుంకారమనవచ్చు గాని, ఆ మాటలో తుమ్మెద పాటకున్న మాధుర్యం ధ్వనిస్తుంది. ఈ మోతలో ఆ మాధుర్యం లేదు.

ఇంత చిన్న మోతను పట్టించుకోవడం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. సినిమా పాట హోరుగా మోగుతున్నప్పుడు ఇది నిజంగానే వినిపించదు. కాని వీణ తీగను మీటిన తరువాత మిగిలే అనురణనం, ఆలాపనలో గాయకుడు ఊపిరి తీసుకునే విరామం, వెనుక నుంచి నిరంతరంగా వినిపించే తంబురా శ్రుతి, ఇవన్నీ మెత్తని ధ్వనులు. ముందుగా మునిగిపోయేవి ఇవే.

ఈ మోత ఎక్కడిదో దాని స్థాయే చెబుతుంది. మన దేశంలో ఇళ్లకు సరఫరా అయ్యేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. అది ఒకే దిశలో ప్రవహించదు. సెకనుకు 50 ఆవృత్తాలు పూర్తి చేస్తూ అటూ ఇటూ దిశ మార్చుకుంటూ ఉంటుంది. ఆ 50 హెర్ట్జ్ పౌనఃపున్యమే, దాని గుణిజాలైన 100, 150, 200 హెర్ట్జ్‌లతో కలిసి స్పీకరులో మోతగా వినిపిస్తుంది. ఒకటో శ్రుతిలో పాడే గాయకునికి మధ్యస్థాయి పంచమం సుమారు 196 హెర్ట్జ్. అయిదో శ్రుతిలో పాడే గాయనికి ఆధార షడ్జమం నిలిచే స్థానం కూడా ఇంచుమించు అదే. మోతలోని 200 హెర్ట్జ్ ధ్వని సరిగ్గా ఆ స్వరం పక్కనే, దానికంటె కొద్దిగా పైన వచ్చి నిలుస్తుంది. పూర్తిగా దూరపు ధ్వని అయితే చెవి దానిని పక్కకు నెట్టివేయగలదు. శ్రుతిని ఆనుకొని ఉంటూ శ్రుతిలో కలవని ధ్వనిని నెట్టివేయడం కష్టం. రెండింటికీ మధ్య ఉన్న 4 హెర్ట్జ్ భేదం సెకనుకు నాలుగు అలలుగా ఎగసి పడుతూ ఆ స్వరాన్ని కదిలిస్తుంది. శ్రుతిజ్ఞానం కలవారిని ఈ మోత ఎక్కువగా బాధించడానికి కారణం ఇదే.

గోడలోని విద్యుత్తు పాటలోకి ఎలా ప్రవేశించింది? 1820లో డెన్మార్కు శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్, విద్యుత్తు ప్రవహిస్తున్న తీగ సమీపంలో దిక్సూచి ముల్లు కదలడాన్ని గమనించాడు. విద్యుత్ప్రవాహం తన చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుందని దానితో తేలింది. 1831లో లండనులో మైకేల్ ఫారడే దీనికి రెండవ పార్శ్వాన్ని నిరూపించాడు. అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటే సమీపంలోని తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు పనిచేసేది ఈ సూత్రం మీదనే. ఊరికి వెలుగునిచ్చే ఆ సూత్రమే ఇంట్లో పాటకు అడ్డు తగులుతున్నది. ఏకాంతర విద్యుత్తు నిరంతరం దిశ మార్చుకుంటుంది కనుక దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కూడా నిరంతరం మారుతూ ఉంటుంది. పక్కనే పాటను మోసుకొనిపోయే తీగ ఉంటే, అందులో ఎవరూ కోరకుండానే 50 హెర్ట్జ్ విద్యుత్తు పుడుతుంది. తనకు చేరినది పాటా, మోతా అని విచారించడం ఆంప్లిఫయర్‌కు తెలియదు. తీగలో ఏది వస్తే దానినే పెంచి స్పీకరుకు అందిస్తుంది.

ఇక్కడ పరిమాణాల తారతమ్యాన్ని గమనించాలి. సీడీ ప్లేయరు నుంచి వెలువడే సంకేతం గరిష్ఠంగా సుమారు 2 వోల్టులు. పాత గ్రామఫోను రికార్డులను వినిపించే ప్లేయరులోని సూది నుంచి వచ్చే సంకేతం సాధారణంగా 5 మిల్లీవోల్టులకు మించదు. గోడలోని 230 వోల్టులు దానికి 46,000 రెట్లు. పైగా రికార్డు మీద మంద్రధ్వనులను తగ్గించి ముద్రిస్తారు గనుక, తిరిగి వినిపించేటప్పుడు ఆంప్లిఫయర్ వాటిని హెచ్చించవలసి ఉంటుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఈ హెచ్చింపు మధ్యస్థాయి ధ్వనుల కంటె సుమారు ఏడు రెట్లు అధికం. దానితో పాటు మోత కూడా ఏడు రెట్లు పెరుగుతుంది. తాతల కాలం నాటి రికార్డులను వినాలని ఉత్సాహపడి ప్లేయరు కొనుక్కున్నవారు మొదటి రోజే ఈ మోతతో విసిగిపోవడంలో ఆశ్చర్యం లేదు. స్పీకరు తీగల సంగతి వేరు. వాటిలో ప్రవహించేది అప్పటికే బలపడిన సంకేతం. దానిని మోత అంత సులభంగా కలుషితం చేయలేదు.

ఈ సమస్యను మొదట ఎదుర్కొన్నది సంగీతప్రియులు కారు, టెలిఫోను నిర్మాతలు. 1876లో టెలిఫోను వెలువడిన తొలి సంవత్సరాలలో ఒకే తీగ వేసి, తిరుగుదారిగా భూమినే వాడుకునేవారు. ఖర్చు తక్కువ. కాని పక్క స్తంభాల మీది టెలిగ్రాఫు టకటకలు, ఇతరుల సంభాషణలు ఆ తీగలో వినిపించేవి. విద్యుద్దీపాలు, విద్యుత్ ట్రాములు వచ్చిన తరువాత మోత భరించరానిదయింది. అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లో దీనికి ఒక ఉపాయానికి పేటెంటు పొందాడు. రెండు తీగలు వేయాలి, వాటిని జడలా ఒకదానితో ఒకటి మెలివేయాలి. మెలిక పడిన ప్రతిచోటా తీగలు స్థానం మార్చుకుంటాయి. బయటి క్షేత్రం ఒక మెలికలో పుట్టించిన మోతను తరువాతి మెలిక వ్యతిరేక దిశలో పుట్టించి రద్దు చేస్తుంది. దానికి ఒక్క ఏడాది ముందు, 1880లో, ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ ఒక తీగ చుట్టూ మరొక వాహకాన్ని గొట్టంలా అమర్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. నేడు కేబుల్ టీవీ వైరుగా మేడల మీద వేలాడుతున్నది ఆ కుదురుకు చెందినదే. కంప్యూటర్ల మధ్య వేసే నీలిరంగు తీగను కోసి చూస్తే, లోపల బెల్ చెప్పిన మెలికలు నాలుగు జంటలుగా కనిపిస్తాయి.

ఇంట్లో ఆడియో సామగ్రి వెనుక సంగతికి వస్తే, ఆ చోటు ఎవరికీ కనిపించదు గనుక ఎవరూ పట్టించుకోరు. అక్కడ కరెంటు వైర్లు, స్పీకరు వైర్లు, టీవీ కేబులు, చిన్న చిన్న అడాప్టర్లు, వాటికి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, వీటన్నిటి మీద దుమ్ము పేరుకొని ఉంటాయి. పండుగకు ఇల్లు సర్దేటప్పుడు ఎవరో ఒకరు ఆ చిక్కును చూసి సహించలేక, వైర్లన్నింటినీ దగ్గరకు తీసి కట్టెల మోపులా బిగించి కడతారు. చూపుకు అది ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఆ సాయంత్రం పాట పెట్టగానే మోత మునుపటి కంటె పెరిగి ఉంటుంది. చిక్కుగా పడి ఉన్నప్పుడు వైర్లు ఏదో ఒకచోట మాత్రమే తాకుతూ, ఒకదానినొకటి అడ్డంగా దాటుతూ ఉండేవి. మోపు కట్టిన తరువాత కరెంటు వైరు, పాట వైరు మూరెడు పొడవునా ఒకదానినొకటి అంటిపెట్టుకొని సమాంతరంగా ఉన్నాయి. మోత పుట్టడానికి అంతకు మించిన అవకాశం లేదు. కనుక ఇక్కడ సర్దడమంటే కలిపి కట్టడం కాదు, విడదీసి ఉంచడం.

విడదీయడానికి రెండు సూత్రాలు చాలు. దూరం మొదటిది. కరెంటు వైరులో పోయే ప్రవాహం, తిరిగి వచ్చే ప్రవాహం పక్కపక్కనే వ్యతిరేక దిశల్లో ఉంటాయి. కనుక వాటి క్షేత్రాలు చాలావరకు పరస్పరం కొట్టివేసుకుంటాయి. మిగిలిన క్షేత్రం దూరంతో పాటు వేగంగా క్షీణిస్తుంది. దూరం రెట్టింపయితే అది నాలుగవ వంతుకు పడిపోతుంది. అందువల్ల కరెంటు వైర్లను బల్లకు ఒక పక్కగా, పాట వైర్లను రెండవ పక్కగా దింపి, నడుమ జానెడు దూరమైనా ఉంచితే చాలావరకు ఫలితం కనిపిస్తుంది. రెండవది కోణం. దూరం ఉంచడం సాధ్యం కాక రెండూ ఒకచోట దాటవలసి వస్తే, కూడలిలో వీధుల వలె లంబంగా దాటించాలి. లంబంగా ఉన్న తీగలో మరొక తీగ క్షేత్రం ఇంచుమించు ఏమీ పుట్టించలేదు. వైర్లను గుడ్డపట్టీలతో వదులుగా, ఏ జాతికి ఆ జాతిగా కట్టవచ్చు. పాట వైరు అవసరాన్ని మించి పొడవు ఉండరాదు. కరెంటు వైరు పొడవు ఎక్కువైతే దానిని బిగుతుగా చుట్ట చుట్టి మూలన పడవేయడం కూడా మంచిది కాదు. ఎక్కువ ప్రవాహం ఉన్నప్పుడు లోపలి చుట్లకు గాలి ఆడక వేడెక్కుతుంది.

ట్రాన్స్‌ఫార్మరు ఉన్న అడాప్టర్ల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. వాటి నుంచి వెలువడే క్షేత్రం దగ్గరలో బలంగా ఉంటుంది గాని, కొద్ది దూరంలోనే బలహీనపడుతుంది. రికార్డు ప్లేయరును ఆంప్లిఫయర్ నెత్తి మీద పెట్టుకొనేవారు దానిని పక్క అరలోకి మార్చి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. రికార్డు ప్లేయరుకు మామూలు తీగలతో పాటు ఒక సన్నని ఒంటరి తీగ వేలాడుతూ ఉంటుంది. దానిని ఆంప్లిఫయర్ వెనుక ప్రత్యేకంగా ఉన్న మరకు బిగించాలి. దేనికో తెలియక దానిని వదిలివేసేవారు చాలామంది ఉన్నారు. అది వదులైతే చెవులు చిల్లులు పడేలా మోత వస్తుంది.

పాట వైరుకు అల్లిన రాగి కవచం ఉంటుంది కదా, అది రక్షించదా అన్న సందేహం సహజమే. కవచం విద్యుత్ క్షేత్రాన్ని బాగా నిలువరిస్తుంది. కాని 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రానికి పలుచని రాగి అల్లిక అడ్డు కాదు. వేలకు వేలు పోసి బంగారుపూత కొనలున్న వైర్లు కొన్నవారికి కూడా మోత తగ్గకపోవడానికి ఇది ఒక కారణం. ఆ ధనంతో నాలుగు మంచి రికార్డులు కొనుక్కోవచ్చు.

వైర్లన్నీ విడదీసినా కదలని మోత ఒకటుంది. దాని మూలం వేరు. ఇంట్లో ఆంప్లిఫయర్ ఒక గోడ సాకెట్టు నుంచి, టీవీ లేదా కంప్యూటరు మరొక గోడ సాకెట్టు నుంచి విద్యుత్తు తీసుకుంటున్నాయనుకుందాం. రెండింటికీ మూడు పిన్నుల ప్లగ్గులున్నాయి. మూడవ పిన్ను ద్వారా రెండింటి లోహపు పెట్టెలు భూమితో కలిశాయి. వాటి మధ్య పాట వైరు వేయగానే దాని కవచం ద్వారా రెండూ మరొకసారి కలిశాయి. ఇప్పుడు ఒక వలయం ఏర్పడింది. రెండు చెరువులను కాలువతో కలిపితే, నీటిమట్టాలలో బెత్తెడు తేడా ఉన్నా నీరు ప్రవహించక మానదు. రెండు సాకెట్ల భూతలాల మధ్య కూడా అలాగే స్వల్పమైన వోల్టేజి భేదం ఉంటుంది. ఆ భేదం వల్ల కవచంలో 50 హెర్ట్జ్ ప్రవాహం నడుస్తుంది. ఇంటి సామగ్రికి వాడే మామూలు వైరులో కవచమే పాటకు తిరుగుదారి కూడా. కనుక కవచంలో నడిచిన మోత పాటలో కలిసిపోతుంది. కేబుల్ టీవీ వైరు వీధి స్తంభాల మీదుగా వచ్చి మరెక్కడో భూమితో కలిసి ఉంటుంది. అందువల్ల సెట్‌టాప్ బాక్సును ఆంప్లిఫయర్‌కు కలిపిన ఇళ్లలో ఈ వలయం తరచుగా కనిపిస్తుంది.

పెళ్లి పందిళ్లలో మైకుసెట్టు వైర్లు ఎన్నో మీటర్ల పొడవున కరెంటు వైర్ల మధ్యగా పోతున్నా మోత లేకుండా పలకడం చూసి కొందరు ఆశ్చర్యపడతారు. మంచి మైకు వైరు కొనలో మూడు ముళ్లు ఉంటాయి. రెండు తీగలు పరస్పర వ్యతిరేకంగా పాటను మోస్తాయి, మూడవది కవచం. దారిలో చేరిన మోత రెండు తీగల్లోనూ సమానంగా చేరుతుంది. అవతలి కొసన ఒకదాని నుంచి మరొకదానిని తీసివేస్తారు. పాట మిగులుతుంది, మోత సున్నా అవుతుంది. ఇంటి సామగ్రిలో చవకదనం కోసం ఈ ఏర్పాటును విడిచిపెట్టారు.

వలయం వల్ల కలిగే మోతను ఆపడానికి లోకంలో ఒక అడ్డదారి ప్రచారంలో ఉంది. ఆంప్లిఫయర్ ప్లగ్గులోని పెద్ద పిన్నును విరిచివేయడమో, లోపలి ఆకుపచ్చ తీగను కత్తిరించడమో, మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులకు మార్చే బిళ్లను తగిలించడమో చేస్తారు. మోత ఆగుతుంది. మాట నిజమే. అది ఆగినందువల్లనే ఈ అలవాటు ఒకరి నుంచి ఒకరికి పాకింది. కాని ఆ పిన్ను అక్కడ ఉన్నది పాట కోసం కాదు, ప్రాణం కోసం. మన ప్లగ్గులలో అది తక్కిన రెండింటి కంటె పొడవుగా ఉంటుంది. సాకెట్టులో దూర్చినప్పుడు అన్నింటికంటె ముందు తగలాలని, లాగినప్పుడు అన్నింటికంటె చివర విడిపోవాలని దానినలా నిర్మించారు. ఎలుక కొరికో, పాతబడో లోపలి ఫేజు తీగ లోహపు పెట్టెకు తగిలితే, ఆ ప్రవాహం ఆకుపచ్చ తీగ ద్వారా భూమిలోకి పోతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది. పిన్ను విరిగి ఉంటే పెట్టె 230 వోల్టులతో నిశ్శబ్దంగా వేచి ఉంటుంది. అంతేకాదు, పాట వైరు కవచం ద్వారా ఆ విద్యుత్తు దానికి కలిపి ఉన్న ఇతర పెట్టెలకు కూడా పాకుతుంది. అందుకే 30 మిల్లీఆంపియర్ల ప్రవాహం దారితప్పగానే సరఫరాను తెగ్గొట్టే సాధనాలను ఇళ్లలో బిగిస్తున్నారు. మనిషి శరీరం అంతకు మించి తట్టుకోవడం కష్టం. 1972 మే 3వ తేదీన వేల్సులోని స్వాన్సీ నగరంలో, ‘స్టోన్ ది క్రోస్’ బృందానికి చెందిన గిటారు వాద్యకారుడు లెస్లీ హార్వే వేదిక మీద భూసంధానం లేని మైకును తాకి, ప్రేక్షకుల ఎదుటనే విద్యుదాఘాతంతో మరణించాడు. అప్పటికి అతని వయసు ముప్పయి ఏళ్ల లోపే.

కొన్ని పరికరాలకు పుట్టుకతోనే రెండు పిన్నులు ఉంటాయి. వాటి మీద చతురస్రంలో చతురస్రం గుర్తు కనిపిస్తుంది. లోపల రెండు పొరల రక్షణ ఉన్నదని దాని అర్థం. వాటికి మూడవ పిన్ను అక్కరలేదు. ఆ ఉదాహరణ చూపి మూడు పిన్నుల పరికరం పిన్ను విరిచివేయడం సమర్థనీయం కాదు.

వలయానికి నిరపాయమైన మార్గాలున్నాయి. సామగ్రినంతటినీ ఒకే సాకెట్టు నుంచి, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు ద్వారా నడిపితే భూతలాల భేదం ఇంచుమించు మాయమవుతుంది. ఆడియో సామగ్రి లాగే విద్యుత్తు తక్కువే గనుక ఇది సాధ్యమే. ఇస్త్రీపెట్టె, హీటరు వంటి వాటిని మాత్రం ఆ బాక్సుకు తగిలించరాదు. టీవీ నుంచి పాటను కాంతితంతువు ద్వారా తీసుకొనే వీలుంటే అది శ్రేష్ఠం. ఆ తంతువులో లోహమే లేదు గనుక వలయం ఏర్పడదు. లేనిచో పాట వైరు నడుమ చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరును అమర్చవచ్చు. పాట అయస్కాంత క్షేత్రంగా మారి అవతలికి దాటుతుంది, కవచం మాత్రం తెగిపోతుంది. కేబుల్ టీవీ వైరుకు అటువంటి ఐసొలేటర్లే వేరుగా దొరుకుతాయి. ఇంటి ఎర్తు బాగుందో లేదో ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించడం కూడా అవసరం. బొగ్గు, ఉప్పు వేసి నింపిన పాత పద్ధతి ఎర్తు గుంతలు వేసవిలో ఎండిపోతాయి. అప్పుడప్పుడు నీళ్లు పోయాలన్న పెద్దల మాటకు శాస్త్రీయమైన ఆధారం ఉంది. తడి నేలకు విద్యుత్తును మోసే శక్తి ఎక్కువ.

అన్ని మోతలూ ‘గుంయ్’మనవు. ఫ్యాను వేగం తగ్గించగానే ‘జుయ్’మని గరగరలాడితే, అది కొన్ని రకాల ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ల పని. అవి విద్యుత్ తరంగాన్ని నడుమ కోసివేస్తాయి, ఆ కోత నుంచి కరకుధ్వనులు పుడతాయి. ఫ్యానును పూర్తి వేగంతో తిప్పి చూస్తే నిర్ధారణ అవుతుంది. రెండవ తరం సెల్‌ఫోను ఆంప్లిఫయర్ పక్కన ఉన్నప్పుడు, పిలుపు రావడానికి క్షణం ముందు స్పీకరు ‘టక్ టక్ జర్’మంటుంది. ఆ ఫోను సెకనుకు సుమారు 217 సార్లు తన సంకేతాన్ని విడివిడిగా విసురుతుంది. ఫోనును మూరెడు దూరం జరిపితే చాలు.

మోతకు మూలం తెలియనప్పుడు వెదకడానికి ఒక క్రమం ఉంది. ఆంప్లిఫయర్ ఆపి, దాని వెనుక ఉన్న పాట వైర్లన్నీ తీసివేసి, స్పీకర్లను మాత్రం ఉంచి మళ్లీ స్విచ్చు వేయాలి. మోత పోతే లోపం బయట ఉన్నట్లు. అప్పుడు ఒక్కొక్క వైరునే, ప్రతిసారీ ఆంప్లిఫయర్ ఆపి, తిరిగి కలుపుతూ రావాలి. ఏ వైరుతో మోత తిరిగి వచ్చిందో అదే దారి. ఆ వైరును చేతితో అటూ ఇటూ జరిపినప్పుడు మోత హెచ్చుతగ్గులయితే సాధారణంగా అది పక్క వైరు నుంచి పాకినది. ఎంత జరిపినా మారకపోతే వలయాన్ని అనుమానించాలి. కేబుల్ టీవీ వైరును సెట్‌టాప్ బాక్సు నుంచి ఊడదీసి చూస్తే ఆ అనుమానం తీరుతుంది. వైర్లకు రెండు కొసలా చిన్న కాగితపు చీటీలు అంటించి పేర్లు వ్రాసి ఉంచినవారికి ఈ పని పది నిమిషాలు, లేనివారికి ఒక పూట.

పాట వైర్లన్నీ తీసివేసినా మోత నిలిచి ఉంటే లోపం ఆంప్లిఫయర్ లోపలనే ఉన్నది. ఏకాంతర విద్యుత్తును ఏకముఖంగా మార్చిన తరువాత దానిలో మిగిలే అలలను చదును చేసే కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ శక్తి కోల్పోతాయి. అప్పుడు వినిపించే మోత ప్రధానంగా 100 హెర్ట్జ్‌ది. ఈ కెపాసిటర్లు స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు విద్యుత్తును నిలువ ఉంచుకుంటాయి. కనుక పెట్టె మూత విప్పే పనిని తెలిసిన మెకానిక్కుకే అప్పగించాలి.